భాగిస్తే నిరోధం, గుణిస్తే సామర్థ్యం

భిలాయి ఉక్కు కర్మాగారం నుంచి రైల్వేలకు వెళ్ళే పొడవైన పట్టా ఒక్కొక్కటి 260 మీటర్లు ఉంటుంది. అంత పొడవు పట్టాను రోలింగు మిల్లు ఒకే ముక్కగా తీయదు. 130 మీటర్ల పట్టాలు రెండింటిని కొనకు కొన చేర్చి అతుకుతారు. ఆ అతుకులో వేరే లోహాన్ని కరిగించి పోయరు; బయటినుంచి మంట పెట్టరు. రెండు కొనలనూ దగ్గరకు తెచ్చి వాటి గుండా విద్యుత్తును పంపుతారు. చిచ్చుబుడ్డి వెలిగించినట్లు నిప్పురవ్వలు చిమ్ముతాయి. కొద్ది నిమిషాలలోనే ఆ ఉక్కు కొనలు కరిగే స్థితికి వస్తాయి. అప్పుడు యంత్రం రెండు పట్టాలను పదుల టన్నుల బలంతో ఒకదానికొకటి అదుముతుంది. పైకి పొంగిన ఉక్కును చెక్కివేసి నునుపు చేస్తే అతుకు ఎక్కడ ఉన్నదో కంటితో పోల్చుకోవడం కష్టం.

ఇందులో ఆశ్చర్యపడవలసిన విషయం మరొకటి ఉన్నది. ఉక్కును కరిగించే ఆ యంత్రం రెండు కొనల మధ్య ఉంచే వోల్టేజి కొద్ది వోల్టులు మాత్రమే. టార్చిలైటు బ్యాటరీలు నాలుగైదు వరుసగా పేర్చినా అంత వోల్టేజి వస్తుంది. అదే ఊరిలో, ఆ కర్మాగారంలో పనిచేసేవారి క్వార్టర్లలో, గోడకున్న ప్లగ్గులో 230 వోల్టులు ఉంటాయి. ఆ 230 వోల్టులతో ఒక బిందెడు నీళ్ళు కాగడానికి అరగంట పట్టవచ్చు. ఎక్కువ వోల్టులు నీళ్ళు కాచడానికి మాత్రమే చాలి, తక్కువ వోల్టులు ఉక్కును కరిగించగలగడం ఎట్లా?

దీనికి సమాధానం ఉన్నత పాఠశాల భౌతికశాస్త్ర పుస్తకంలోనే ఉన్నది. వోల్టులు, ఆంపియర్లు అనే రెండు అంకెలు. భాగహారం, గుణకారం అనే రెండు లెక్కలు. పరీక్ష ముగియగానే చాలామంది వీటిని మరచిపోతారు. కాని ఇంటి గోడలలో, కంటికి కనబడని చోట, ప్రతిరోజూ ఏమి జరుగుతున్నదో చెప్పగలిగినవి ఈ రెండు లెక్కలే.

ఉక్కునగరం

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయిలో కర్మాగారం నిర్మించడానికి 1955 ఫిబ్రవరిలో ఒప్పందం జరిగింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. మరుసటి సంవత్సరం, 1960లో, పట్టాల మిల్లు పని మొదలుపెట్టింది. అప్పుడు ఆ ఊరు మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబరు 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్నది. దేశం నలుమూలలనుంచి పనివారు వచ్చి స్థిరపడిన ఆ పట్టణంలో తెలుగు కుటుంబాలు కూడా అనేకం. విజయనగరాన్ని రాయపూరుతో కలిపే రైలుమార్గం 1931 నాటికే పూర్తి అయివున్నందువలన, ఉత్తరాంధ్ర జిల్లాల వారికి ఆ ఊరు మరీ దూరదేశం కాలేదు.

ఉక్కు అనగానే ఇనుపరాయి, బొగ్గు, సున్నపురాయి గుర్తుకు వస్తాయి. దల్లీ రాజహరా గనుల నుంచి రాయి వచ్చినా, తాందుల జలాశయం నుంచి నీరు వచ్చినా, విద్యుత్తు లేనిదే మిల్లులో ఒక్క రోలరు కూడా తిరగదు. సుమారు రెండు వందల కిలోమీటర్ల దూరాన ఉన్న కోర్బా బొగ్గు క్షేత్రం ఆ ప్రాంతానికంతటికీ విద్యుత్తు పుట్టిల్లు. తరువాత భిలాయిలోనే, 2009లో, 250 మెగావాట్ల యూనిట్లు రెండు వచ్చాయి. దూరం నుంచి వచ్చే విద్యుత్తు, కర్మాగారంలో ఉక్కును కరిగించే విద్యుత్తు, క్వార్టరులో అన్నం వండే విద్యుత్తు—మూడింటి లెక్కా ఒక్కటే.

రెండు అంకెలు చెప్పేదేమిటి?

పట్టణాలలో మంచినీటి ట్యాంకును ఎత్తుగా కడతారు. ట్యాంకు ఎంత ఎత్తున ఉంటే కుళాయిలో నీటి ఒత్తిడి అంత ఎక్కువ. విద్యుత్తులో ఆ ఒత్తిడికి సమానమైనది వోల్టేజి. గొట్టం గుండా ఒక్క సెకనులో ఎంత నీరు పోతున్నదనేది ప్రవాహం. విద్యుత్తులో దానిని ఆంపియర్లలో కొలుస్తారు. గొట్టం సన్నగా, పొడవుగా, లోపల తుప్పుపట్టి ఉంటే అదే ఒత్తిడికి తక్కువ నీరు వస్తుంది. ఆ అడ్డంకికి విద్యుత్తులో నిరోధమని పేరు. దాని ప్రమాణం ఓము.

మొదటి లెక్క భాగహారం. ఒక వస్తువు రెండు కొనల మధ్య ఉన్న వోల్టులను, దాని గుండా పోతున్న ఆంపియర్లతో భాగిస్తే దాని నిరోధం వస్తుంది. ఒక ఆంపియరును నడపడానికి ఎన్ని వోల్టులు కావాలో చెప్పేదే నిరోధం.

రెండవ లెక్క గుణకారం. అవే వోల్టులను అవే ఆంపియర్లతో గుణిస్తే సామర్థ్యం వస్తుంది. దాని ప్రమాణం వాటు. ఆ వస్తువులో ఒక్కొక్క సెకనుకు ఎంత శక్తి వేడిగానో, వెలుగుగానో, చలనంగానో మారుతున్నదో అది చెబుతుంది. వెయ్యి వాట్లు ఒక గంటసేపు ఖర్చయితే మీటరులో ఒక యూనిట్టు తిరుగుతుంది.

కొలిచే పద్ధతిలోనే ఈ రెండింటి స్వభావం తెలుస్తుంది. ప్రవాహం వస్తువు గుండా పోతుంది గనుక, దానిని కొలిచే అమ్మీటరును తీగను తెంచి మధ్యలో చేర్చాలి. వోల్టేజి రెండు చోట్ల మధ్య ఉన్న తేడా గనుక, వోల్టుమీటరు తీగలు రెండింటిని వస్తువు రెండు కొనలకు తాకించాలి. ఈ పద్ధతులు తారుమారైతే లెక్క తప్పడంతో ఆగదు. అమ్మీటరు నిరోధం దాదాపు శూన్యం. దానిని పొరపాటున ప్లగ్గు రంధ్రాలు రెండింటి మధ్య పెడితే, ఒక లావుపాటి తీగతో రెండు రంధ్రాలనూ కలిపినట్లే అవుతుంది.

తాళాలు చేసేవాని కుమారుడు

ఈ నియమాన్ని కనుగొన్న గెయార్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో, తాళాలు తయారుచేసే ఒక పనివాని ఇంట పుట్టాడు. కొలోన్ నగరంలో పాఠశాల ఉపాధ్యాయుడుగా ఉంటూ, వేర్వేరు పొడవుల తీగల గుండా ప్రవాహం ఎట్లా మారుతుందో కొలిచాడు. ఆనాటి బ్యాటరీల బలం నిమిష నిమిషానికీ మారిపోయేది. అందుచేత ఆయన రాగి, బిస్మత్ లోహాలను జతచేసి, ఒక అతుకును మరిగే నీటిలోనూ, మరొక అతుకును మంచులోనూ ఉంచి, ఆ ఉష్ణోగ్రతల తేడా వలన పుట్టే నిలకడైన విద్యుత్తును వాడుకున్నాడు. 1827లో తన సిద్ధాంతాన్ని పుస్తకంగా ప్రచురించాడు.

స్వదేశంలో దానికి తగిన ఆదరణ దొరకలేదు. ఓమ్ కొలోన్‌లోని ఉద్యోగం వదులుకున్నాడు. 1841లో లండను రాయల్ సొసైటీ కాప్లే పతకం ఇచ్చి గౌరవించింది. మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి దొరికేనాటికి 1852వ సంవత్సరం వచ్చింది. రెండేళ్ళకే, 1854లో, మరణించాడు. 1881లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ విద్యుత్ మహాసభ నిరోధపు ప్రమాణానికి ఆయన పేరును ఖాయం చేసింది.

ఇంగ్లండులో మద్యం తయారుచేసే ఒక కుటుంబంలో పుట్టిన జేమ్స్ ప్రెస్కట్ జూల్ రెండవ సగాన్ని పూర్తి చేశాడు. తీగచుట్టను నీటిలో ముంచి, దాని గుండా విద్యుత్తును పంపి, నీరు ఎంత వేడెక్కిందో ఉష్ణమాపకంతో చూశాడు. 1841లో ప్రకటించిన ఆయన ఫలితం ప్రకారం, ప్రవాహం రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది, మూడింతలైతే తొమ్మిదింతలు. ప్రవాహాన్ని ప్రవాహంతోనే గుణించి, దానిని తిరిగి నిరోధంతో గుణిస్తే వేడి రూపంలో వచ్చే వాట్లు తెలుస్తాయి. ఓమ్ నియమాన్నీ, వోల్టుల ఆంపియర్ల గుణకారాన్నీ కలిపినా ఇదే సూత్రం వస్తుంది.

చీటీ మీది వాట్లు

ఇప్పుడు ఈ లెక్కలను వంటింటిలోకి తేవచ్చును. ఒక హీటరు మీద 230 వోల్టులు, 2000 వాట్లు అని ముద్రించి ఉన్నదనుకుందాం. 2000ను 230తో భాగిస్తే ప్రవాహం 8.7 ఆంపియర్లు. 230ని 8.7తో భాగిస్తే నిరోధం సుమారు 26.4 ఓములు. ఆ హీటరు రోజూ మూడు గంటలు వెలిగితే ఆరు యూనిట్లు, నెలకు 180.

వేసవి సాయంత్రం వోల్టేజి 180కి పడిపోయిందనుకుందాం. చీటీ మీద 2000 అనే ఉన్నది. హీటరు చుట్ట నిరోధం కూడా దాదాపు మారలేదు. 180ని 26.4తో భాగిస్తే 6.8 ఆంపియర్లు మాత్రమే పోతాయి. 180ని 6.8తో గుణిస్తే 1225 వాట్ల చిల్లర. వోల్టేజి అయిదింట ఒక వంతు పైచిలుకు తగ్గితే, వేడి దాదాపు అయిదింట రెండు వంతులు తగ్గింది. నీళ్ళు కాగడం ఆలస్యమవుతున్నదని ఇంటివారు అనుకోవడంలో భ్రమ ఏమీ లేదు.

ఈ ఉదాహరణలో ఒక భేదాన్ని గుర్తించాలి. నిరోధం ముఖ్యంగా వస్తువు స్వభావం. తీగ పొడవు, మందం, లోహం, ఉష్ణోగ్రత దానిని నిర్ణయిస్తాయి. సామర్థ్యం వస్తువులో అట్లా దాగి ఉండేది కాదు. ఆ క్షణాన దానికి ఎంత వోల్టేజి అందుతున్నదనే పరిస్థితిని బట్టి ఉంటుంది. చీటీ మీది వాట్లు 230 వోల్టులు ఉన్నప్పటి మాట మాత్రమే.

ఈ లెక్కలకు హద్దులు లేకపోలేదు. పాతకాలపు 100 వాట్ల బల్బు వెలుగుతున్నప్పుడు దాని నిరోధం 529 ఓములు. ఆర్పి చల్లారనిచ్చి కొలిస్తే అందులో పదోవంతు కూడా ఉండదు. టంగ్‌స్టన్ తీగ వేడెక్కిన కొద్దీ నిరోధం పెరుగుతుంది. బల్బులు తరచుగా స్విచ్చి వేసిన క్షణంలోనే మాడిపోవడానికి ఇదొక కారణం. చల్లని తీగలోకి మొదట పన్నెండింతలకు పైగా ప్రవాహం దూసుకువస్తుంది. మోటార్లున్న పంకాలు, పంపుల విషయంలో వోల్టులను ఆంపియర్లతో గుణించగా వచ్చిన అంకె కంటె అసలు వాట్లు తక్కువగా ఉంటాయి. అటూ ఇటూ మారుతూ ప్రవహించే విద్యుత్తు, తీగచుట్టల అయస్కాంత శక్తిలోకి పోయి తిరిగి వస్తూ ఉంటుంది. అందులో కొంత పనిగా మారకుండానే వెనక్కి పోతుంది. ఎల్.ఇ.డి. దీపాల వంటి వాటిలో లోపల వేరే సర్క్యూటు ఉంటుంది గనుక భాగహారం చేసి నిరోధం చెప్పడంలో అర్థం లేదు. హీటరు, ఇస్త్రీపెట్టె, కుక్కరు, తీగ, అతుకు—వీటి దగ్గర మాత్రం రెండు లెక్కలూ నికరంగా నిలబడతాయి.

వేడి ఎక్కడ పుట్టాలి?

విద్యుత్తు ఒక తీగ వెంట వరుసగా పోతున్నప్పుడు దారి పొడుగునా ప్రవాహం ఒక్కటే. అందుచేత ఎక్కడ నిరోధం ఎక్కువగా ఉంటే అక్కడ వేడి ఎక్కువగా పుడుతుంది. విద్యుత్తుతో వేడి పుట్టించే ప్రతి పనిముట్టు రహస్యమూ ఇదే. నిరోధాన్ని కావలసిన చోట పోగుచేసి, అక్కరలేని చోట తగ్గించాలి.

పట్టాల అతుకు దగ్గరకు మళ్ళీ వెళితే సంగతి స్పష్టమవుతుంది. లెక్క కొరకు ఆరు వోల్టులు, 40,000 ఆంపియర్లు అనుకుందాం. భాగిస్తే నిరోధం 0.00015 ఓము, అంటే ఓములో పదిలక్షల వంతులు నూటయాభై. గుణిస్తే 2,40,000 వాట్లు. 2000 వాట్ల హీటర్లు నూటయిరవై ఒకేసారి వెలిగించినట్లు. ఆ వేడి అంతా అరచేతి పాటి వైశాల్యం ఉన్న పట్టా కొన మీద పడుతున్నది. అదే పట్టాలో పది సెంటీమీటర్ల గట్టి ఉక్కు నిరోధం ఓములో పదిలక్షల వంతులు సుమారు మూడు మాత్రమే. రెండు కొనలు తాకీ తాకనట్లున్న చోట నిరోధం దానికి యాభై రెట్లు. కనుక వేడి మిగిలిన ఉక్కును విడిచి సరిగ్గా కీలు దగ్గరే పుడుతుంది. వోల్టులు కొద్దివైనా ఆంపియర్లు వేలకు వేలు. అడ్డంకి స్వల్పమైనందువలన ఆ కొద్ది వోల్టులే అంత ప్రవాహాన్ని నడపగలిగాయి.

కోర్బా వైపునుంచి వచ్చే తీగలలో కావలసినది దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ వేడి పుట్టడమంటే సొమ్ము గాలిలో కలవడం. 100 మెగావాట్లు పంపాలనుకుందాం. నిజానికి ఆ విద్యుత్తు మూడు ఫేజుల తీగల మీద వస్తుంది. లెక్క సులువుగా ఉండడానికి పోనూ రానూ ఒకే జత తీగలు ఉన్నాయనీ, వాటి నిరోధం మొత్తం 20 ఓములనీ అనుకోవచ్చును. 2,20,000 వోల్టుల దగ్గర ఆ సామర్థ్యానికి సుమారు 455 ఆంపియర్లు చాలు. జూల్ సూత్రం ప్రకారం దారిలో పోయేది సుమారు 41 లక్షల వాట్లు. పంపినదానిలో నూటికి నాలుగు వంతులు. అదే పని ఇంటి ప్లగ్గులోని వోల్టేజితో చేయబోతే? 220ని 20 ఓములతో భాగిస్తే, తీగల చివరలు కలిపివేసినా పోగలిగేది 11 ఆంపియర్లే. గుణిస్తే 2420 వాట్లు. అదికూడా దారిలోనే వేడిగా మారిపోతుంది. ఇవతలికి ఒక్క దీపానికి సరిపడా విద్యుత్తు అయినా రాదు. పొలాల మీదుగా అంత ఎత్తైన టవర్లు, అంత పొడవైన పింగాణీ బంధకాలు ఎందుకు ఉన్నాయనే ప్రశ్నకు ఈ భాగహారమే జవాబు.

ఇంటిదొంగ

పట్టాల కీలు దగ్గర పుట్టే వేడికీ, కొన్ని ఇళ్ళలో నిప్పు అంటుకోవడానికీ కారణం ఒక్కటే అంటే నమ్మబుద్ధి కాదు. కాని లెక్క అదే చెబుతుంది.

హీటరు ప్లగ్గులో ఒక మర వదులైంది. లేదా తీగను మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టారు. కాలక్రమేణా ఆ మెలిక మీద చిలుము పట్టింది. అక్కడ అర ఓము నిరోధం చేరిందనుకుందాం. మొత్తం నిరోధం 26.4 నుంచి 26.9కి పెరిగింది. 230ని దానితో భాగిస్తే సుమారు 8.5 ఆంపియర్లు. హీటరు వేడిలో వచ్చిన తేడా ఎవరికీ తెలియదు. కాని ఆ మెలిక దగ్గర 8.5ను 8.5తో గుణించి, అందులో సగం తీసుకుంటే 36 వాట్లు. రేడియోలు బాగుచేసేవారు వాడే సోల్డరింగ్ ఐరన్‌కు అంతే వేడి ఉంటుంది. ఒక సోల్డరింగ్ ఐరన్‌ను వెలిగించి, ప్లగ్గు డబ్బాలో పెట్టి, మూత బిగించినట్లే. వేడికి చిలుము ఇంకా పెరుగుతుంది, మర ఇంకా వదులవుతుంది, నిరోధం పెరుగుతుంది, వేడి మరింత ఎక్కువవుతుంది.

ఫ్యూజు ఉన్నది గదా అని ధైర్యపడడానికి వీలులేదు. ఫ్యూజు కనిపెట్టుకుని ఉండేది ప్రవాహం హెచ్చడాన్ని. ఇక్కడ ప్రవాహం 8.7 నుంచి 8.5కు తగ్గింది. ఫ్యూజు దృష్టిలో అంతా సవ్యంగానే ఉన్నది. నేటి ఇళ్ళలో ఫ్యూజుకు బదులుగా వచ్చిన ఎమ్.సి.బి. స్విచ్చి సంగతి కూడా ఇంతే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత ఈ వదులు అతుకుకు చక్కగా సరిపోతుంది. దానిని పట్టగలిగినవి మనిషి ఇంద్రియాలే: ప్లగ్గు వెచ్చగా తగలడం, కాలిన వాసన, స్విచ్చి బోర్డు మీద గోధుమరంగు మచ్చ, హీటరు వేసినప్పుడు అదే బోర్డులో చిటపట చప్పుడు.

ఫ్యూజు గురించి మరొక మాట. ఫ్యూజు అనేది తెలిసి తెలిసి పెట్టుకున్న బలహీన స్థానం. జూల్ సూత్రం ప్రకారం ఎక్కడో ఒకచోట తీగ కరగక తప్పకపోతే, అది పింగాణీ గూటిలోనే కరగాలని దాని ఏర్పాటు. మాటిమాటికి పోతున్నదని ఫ్యూజు తీగకు బదులు లావుపాటి రాగితీగ చుట్టినవారు ప్రమాదాన్ని తప్పించలేదు. ఆ స్థానాన్ని గూటినుంచి గోడలోపలికి మార్చారు.

దీనికి ముందుజాగ్రత్త కూడా లెక్కలోనే ఉన్నది. ఒకే ప్లగ్గునుంచి నడిచే పనిముట్ల వాట్లన్నీ కూడి, 230తో భాగించి, వచ్చిన ఆంపియర్లను ప్లగ్గు మీద ముద్రించిన అంకెతో పోల్చాలి. మన ఇళ్ళలో చిన్న ప్లగ్గు మీద 6 అనీ, పెద్ద ప్లగ్గు మీద 16 అనీ ఉంటుంది. 2000 వాట్ల హీటరుకు 8.7 ఆంపియర్లు కావాలి గనుక చిన్న ప్లగ్గులో దానికి చోటు లేదు. ఆ ప్లగ్గుకు ఒక పొడిగింపు బోర్డు తగిలించి, హీటరును, ఇస్త్రీపెట్టెను పక్కపక్కన పెడితే, బోర్డులో రంధ్రాలు పెరిగాయి గాని గోడలోని తీగ మందం పెరగలేదు.

మనిషి కూడా ఒక నిరోధమే

చివరి లెక్క అన్నిటికంటె చిన్నది. పొడిచర్మం ఉన్న మనిషి శరీర నిరోధం చాలా ఎక్కువగా ఉంటుంది. చేతులు తడిసి, కాళ్ళు తడినేల మీద ఉన్నప్పుడు అది వెయ్యి ఓముల దాకా దిగిపోవచ్చును. 230ని వెయ్యితో భాగిస్తే 0.23 ఆంపియరు. ఆంపియరులో వందోవంతు, చేతి కండరాలు బిగుసుకుని పట్టుకున్న తీగను వదలలేని స్థితికి తేవడానికి చాలు. పదోవంతు, గుండె లయ తప్పడానికి చాలు. తడిచేతి లెక్కలో వచ్చినది దానికి రెండింతల పైచిలుకు. బట్టలుతికి తడిచేత్తో స్విచ్చి వేసే అలవాటును పెద్దలు కోప్పడడం ఉత్త చాదస్తం కాదు.

ఇక్కడ కూడా ఫ్యూజు ఆదుకోదు. అయిదు ఆంపియర్లకు కరిగే ఫ్యూజుకు 0.23 ఆంపియరు ఒక చిన్న దీపంతో సమానం. ఫ్యూజును నిర్మించినది తీగలను కాపాడడానికి. మనుషులను కాపాడడానికి కాదు. అందుకొరకు వేరే పరికరం ఉన్నది. వెళ్ళిన ప్రవాహాన్నీ తిరిగి వచ్చిన ప్రవాహాన్నీ అది అనుక్షణం సరిపోల్చుకుంటుంది. ఆంపియరులో వెయ్యోవంతులు ముప్పై తేడా వస్తే, ఆ కొంచెం ఎవరి శరీరం గుండానో నేలలోకి పోతున్నదని భావించి, లిప్తపాటులో విద్యుత్తును ఆపివేస్తుంది. ఆర్.సి.సి.బి. అనే పేరుతో ఎలక్ట్రికల్ దుకాణాలలో దొరికే ఈ పరికరంతోపాటు, ప్లగ్గులోని మూడవ రంధ్రానికి నిజమైన ఎర్తు తీగ ఉండడం కూడా అవసరం. ఆ తీగ నిరోధం చాలా తక్కువ. పనిముట్టు పైరేకుకు విద్యుత్తు తగిలినప్పుడు, ప్రవాహంలో అత్యధిక భాగం వెయ్యి ఓముల మనిషిని వదిలి ఆ దారిన పోతుంది. మూడవ కాలు విరిగిన ప్లగ్గును అట్లాగే వాడుకుంటున్న ఇంటిలో ఆ దారి మూసివేసినట్లే.

భిలాయిలో ఉక్కును కరిగించే నియమమూ, ఇంటి ప్లగ్గును మాడ్చే నియమమూ వేరు వేరు కావు. కర్మాగారంలో ఆ వేడి ఎక్కడ పుట్టాలో ఇంజనీర్లు ముందుగానే నిర్ణయించి, అక్కడ కొలతలు తీస్తూ ఉంటారు. ఇంటిలో ఆ నిర్ణయం గృహస్థుని చేతిలో ఉన్నది. దానికి కావలసిన చదువు ఒక భాగహారం, ఒక గుణకారం. ఈ వారం ఏదైనా ఒక సాయంత్రం, హీటరో ఇస్త్రీపెట్టో అరగంట నడిచిన తరువాత, స్విచ్చి ఆపి, పొడిచేత్తో ప్లగ్గును తాకి చూడవచ్చును. వెచ్చగా తగిలితే, వైర్‌మన్‌ను పిలవడం మరునాటికి వాయిదా వేయరాదు.